మెదడులో అసలు దెబ్బ ఏ కణానికి తగిలింది? ఫోన్‌లో ప్రోటీన్ డేటాబేస్ తెరిచి చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో మనం ఒకే ఒక్క ప్రోటీన్ వెనకాల పడబోతున్నాం. దాని పేరు ఆక్వాపోరిన్-4. ఇంగ్లీషులో పొట్టిగా ఏ-క్యూ-పీ-4 అని రాస్తారు. ఇది మన మెదడులో ఉంటుంది, కానీ న్యూరాన్లలో కాదు. న్యూరాన్లకి అండగా ఉండే కణాల్లో ఉంటుంది. ఈ ఒక్క ప్రోటీన్ ఎక్కడ ఉందో సరిగ్గా తెలియక, వంద సంవత్సరాలకి పైగా ఒక జబ్బు అసలు ఏ కణంలో మొదలవుతోందో తెలియలేదు. ఆ కథ చెప్తాను. దాంతో పాటే, మీ చేతిలో ఉన్న ఫోన్‌తో, పైసా ఖర్చు లేకుండా, శాస్త్రవేత్తలు రోజూ వాడే డేటాబేస్‌లు ఎలా చదవాలో కూడా చూపిస్తాను. ఫోన్ పక్కన పెట్టకండి, ఇవాళ అదే మన ల్యాబ్.

ముందు కణాల సంగతి. మెదడు అనగానే అందరం న్యూరాన్ల గురించే మాట్లాడతాం. మిగతా కణాలకి గ్లియా అని పేరు. గ్రీకు భాషలో గ్లియా అంటే జిగురు. 19వ శతాబ్దంలో జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్కోవ్ వీటిని న్యూరాన్లని అంటిపెట్టే జిగురు అనుకున్నారు, ఆ పేరే ఉండిపోయింది. న్యూరాన్ల కన్నా గ్లియా కణాలు పది రెట్లు ఎక్కువ అని చాలా పుస్తకాల్లో ఇప్పటికీ రాస్తుంటారు. అది నిజం కాదు. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం 2009లో లెక్కపెట్టి చూస్తే, మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, న్యూరాన్లు కాని కణాలు సుమారు 8,500 కోట్లు అని తేలింది. అంటే దాదాపు సరిసమానం.

ఈ గ్లియాలో మనకి ఇవాళ కావలసినవి మూడు రకాలు. మొదటిది ఆలిగోడెండ్రోసైట్. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, అలాగే నరాల మీద మయిలిన్ అనే తొడుగు చుట్టే కణం ఇది. రెండోది మైక్రోగ్లియా. మెదడులో కాపలా కాసే కణం, చెత్త తీసేసే కణం. మూడోది ఆస్ట్రోసైట్. నక్షత్రంలా చేతులు చాచుకుని ఉంటుంది. ఆ చేతుల చివర్లు రక్తనాళాల చుట్టూ అతుక్కుని ఉంటాయి. వాటిని ఎండ్‌ఫీట్ అంటారు, అంటే చివరి పాదాలు. ఈ పాదాల మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు జబ్బు. 1894లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో యూజీన్ డెవిక్ అనే డాక్టర్ ఒక జబ్బుని వర్ణించారు. కంటి నరం వాచి చూపు పోతుంది, వెన్నుపాము వాచి కాళ్ళు చేతులు పడిపోతాయి. దీని పేరు న్యూరోమయిలైటిస్ ఆప్టికా, పొట్టిగా ఎన్‌ఎమ్‌ఓ. ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుంది. కొంతమందికి ఇది ఎలా మొదలవుతుందో తెలుసా? రోజుల తరబడి ఆగని ఎక్కిళ్ళతో, వాంతులతో. అలాంటప్పుడు కడుపు డాక్టర్ దగ్గరికే కదా వెళ్తాం! అసలు కారణం మాత్రం మెదడు అడుగున, వాంతిని అదుపు చేసే చిన్న భాగంలో ఉంటుంది.

ఈ జబ్బు వచ్చినవాళ్ళ నరాల్ని సూక్ష్మదర్శినిలో చూస్తే మయిలిన్ తొడుగు ఊడిపోయి కనిపించేది. మయిలిన్ ఊడిపోయే జబ్బు ఇంకొకటి అప్పటికే బాగా తెలుసు, మల్టిపుల్ స్క్లెరోసిస్. అందుకని చాలామంది డాక్టర్లు ఎన్‌ఎమ్‌ఓని కూడా దాంట్లో ఒక రకంగానే లెక్కేశారు. చూడ్డానికి సబబుగానే ఉంది. కానీ ఇంట్లో గోడ చెమ్మ ఎక్కిందని గోడకి సున్నం వేస్తూ కూర్చుంటే ఏమవుతుంది? పైన పైపు పగిలి ఉంటే ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్ళీ చెమ్మే. ఇక్కడ అంతకన్నా ఘోరం. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా లాంటి మందులు ఎన్‌ఎమ్‌ఓ ఉన్నవాళ్ళకి ఇస్తే జబ్బు ముదరొచ్చు. ఒక్కసారి జబ్బు తిరగబెడితే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. అంటే ఏ కణం దెబ్బతింది అనేది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాదు. ఒక మనిషి చూపు దాని మీద ఆధారపడి ఉంది.

2004లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వాండా లెనన్ బృందం ఎన్‌ఎమ్‌ఓ రోగుల రక్తంలో ఒక యాంటీబాడీ కనిపెట్టింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో అది లేదు. ఆ యాంటీబాడీని ఎలుక మెదడు ముక్క మీద వేస్తే రక్తనాళాల వెంట గీత గీసినట్టు అతుక్కుంది. రక్తనాళాల వెంట ఏముంటాయి? ఆస్ట్రోసైట్ పాదాలు! ఆ పాదాల్లో కిక్కిరిసి ఉండే ప్రోటీన్ ఏది? ఆక్వాపోరిన్-4. 2005లో అదే బృందం యాంటీబాడీ పట్టుకుంటున్నది ఈ ప్రోటీన్‌నే అని నిర్ధారించింది. అంటే దాడి జరుగుతున్నది ఆస్ట్రోసైట్ మీద. ఆస్ట్రోసైట్ చచ్చిపోయాక, దాని అండ లేక పక్కనున్న ఆలిగోడెండ్రోసైట్ చస్తుంది, అప్పుడు మయిలిన్ ఊడుతుంది. వందేళ్ళుగా చూసింది చెమ్మ ఎక్కిన గోడని. పైపు ఆస్ట్రోసైట్‌లో ఉంది. నిజానికి ఆక్వాపోరిన్ అంటే నీళ్ళు పోయే గొట్టమే. ఈ గొట్టాలు ఉన్నాయని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఫోన్ తియ్యండి. బ్రౌజర్‌లో యూనిప్రాట్ డాట్ ఆర్గ్ అని కొట్టండి. ప్రపంచంలో ప్రోటీన్లకి ఇది ఆధార్ ఆఫీసు లాంటిది, ప్రతి ప్రోటీన్‌కీ ఒక నంబర్ ఇస్తుంది. దీనికి మూలం స్విస్-ప్రాట్ అనే డేటాబేస్. 1986లో ఆమోస్ బైరోక్ అనే కుర్రాడు జెనీవాలో పీహెచ్‌డీ చేస్తూ మొదలుపెట్టాడు. సెర్చ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ఏ, క్యూ, పీ, పక్కనే 4 కొట్టండి. బోలెడు ఫలితాలు వస్తాయి. కంగారు పడకండి. బంగారు రంగు గుర్తు ఉన్నవి మనుషులు పేపర్లు చదివి సరిచూసినవి. మిగతావి కంప్యూటర్ తనంతట తాను నింపినవి. ముందు బంగారు గుర్తు ఉన్నవే చూడండి. తర్వాత ఏ జీవిదో చూడండి. మనిషి ఆక్వాపోరిన్-4 నంబర్ పి55087. చిట్టెలుకది పి55088. ఒక్క అంకె తేడా! హడావుడిగా నొక్కితే ఎలుక ప్రోటీన్ చదువుతూ మనిషిది అనుకుంటాం.

పేజీ తెరిచాక నాలుగు విషయాలు చూడండి. ఒకటి, ఆధారం. ఈ ప్రోటీన్‌ని ప్రోటీన్‌గానే చూశారా, లేక ఆర్‌ఎన్‌ఏ మాత్రమే చూశారా, లేక ఉండొచ్చని ఊహించారా అని యూనిప్రాట్ ప్రతి పేజీలోనూ చెప్తుంది. మన ప్రోటీన్‌కి మొదటి రకం, గట్టి ఆధారం. రెండు, చోటు. ఇది కణం పై పొరలో ఉంటుంది. పొరలో ఉంది కాబట్టే రక్తంలోంచి వచ్చిన యాంటీబాడీ దీన్ని బయటి నుంచి పట్టుకోగలుగుతుంది. కణం లోపల దాక్కుని ఉంటే కథ వేరేలా ఉండేది. మూడు, రూపాలు. ఈ ప్రోటీన్‌లో 323 అమైనో ఆమ్లాలు ఉంటాయి. కానీ కణం కొన్నిసార్లు మొదటి 22 వదిలేసి 23వ దాని నుంచి మొదలుపెడుతుంది. అప్పుడు 301 మిగులుతాయి. పొడుగు దాన్ని ఎమ్1 అంటారు, పొట్టి దాన్ని ఎమ్23 అంటారు. పొట్టివి ఒకదాని పక్కన ఒకటి చేరి, పేవ్‌మెంట్ మీద టైల్స్ పరిచినట్టు గుంపులు కడతాయి. ఇది కూడా గుర్తుంచుకోండి.

నాలుగు, చివరి అక్షరాలు. సీక్వెన్స్ కిందికి స్క్రోల్ చేసి ఆఖరి మూడు అక్షరాలు చూడండి. ఎస్, ఎస్, వి. అంటే సెరీన్, సెరీన్, వాలీన్. ఇది కొక్కెం లాంటిది. కణం లోపల సింట్రోఫిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఈ కొక్కెం దానికి తగులుకుంటుంది. అందుకే ఆక్వాపోరిన్-4 కణమంతా చెల్లాచెదురుగా ఉండకుండా రక్తనాళం వైపు పాదాల్లోనే గుమిగూడుతుంది. సింట్రోఫిన్‌లో ఆల్ఫా రకం లేకుండా చేసిన ఎలుకల్లో ఈ గుంపు చెదిరిపోయింది. చూశారా, మూడంటే మూడు అక్షరాలు, కానీ ఒక ప్రోటీన్ ఏ వైపు నిలబడాలో చెప్తున్నాయి.

ఇప్పుడు రెండో డేటాబేస్. ప్రోటీన్ అట్లాస్ డాట్ ఆర్గ్. ఇది స్వీడన్‌లో 2003లో మథియాస్ ఉలెన్ ఆధ్వర్యంలో మొదలైన హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్. ఇందులో మనిషి శరీర భాగాల సన్నని ముక్కల ఫోటోలు ఉంటాయి. మనం వెతికే ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు, మిగతా చోట నీలం. ఆ ఫోటోలు చూసి, ఏ కణంలో ఎంత రంగు ఉందో గుర్తించే పనిలో ముంబై పాథాలజిస్టుల బృందం కూడా పాలుపంచుకుంది. మన దేశం నుంచి ఇంకొక మాట కూడా చెప్పాలి. 2014లో బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మేటిక్స్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ కలిసి నేచర్ పత్రికలో మనిషి ప్రోటీన్ల ముసాయిదా పటం ప్రచురించారు. 17,294 జీన్లకి చెందిన ప్రోటీన్లు అందులో ఉన్నాయి. కాబట్టి ఇదేదో విదేశాల వాళ్ళ వ్యవహారం అనుకోకండి.

అట్లాస్‌లో మన ప్రోటీన్ పేరు కొట్టి శరీర భాగాల పేజీ చూస్తే ఒక తిరకాసు బయటపడుతుంది. ఆక్వాపోరిన్-4 మెదడులో మాత్రమే ఉండదు. కిడ్నీలో ఉంటుంది, కడుపులో ఉంటుంది, ఊపిరితిత్తుల్లో, కండరాల్లో కూడా ఉంటుంది. మరి యాంటీబాడీ రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంటే, ఎన్‌ఎమ్‌ఓ రోగికి ముఖ్యంగా కంటి నరం, వెన్నుపాము, మెదడే ఎందుకు దెబ్బతింటాయి? కిడ్నీ ఎందుకు పాడవదు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. డేటాబేస్ అసలు ఉపయోగం ఇదే. జవాబు ఇవ్వడం కన్నా, ఇలాంటి సరైన ప్రశ్నని మన ముందు పెట్టడం. పేజీ చదివి "ఓహో, ఇన్ని చోట్ల ఉందన్నమాట" అని మూసేస్తే అది సమాచారం మాత్రమే. "మరి అక్కడ ఎందుకు జరగట్లేదు?" అని అడిగితే పరిశోధన మొదలైనట్టు.

జవాబు వైపు ఒక దారి చెప్తాను. యాంటీబాడీ అతుక్కున్నంత మాత్రాన కణం చావదు. రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దళం ఉంటుంది. యాంటీబాడీ జెండా పాతితే, ఈ దళం వచ్చి కణం పొరకి చిల్లులు పొడుస్తుంది. మన కణాలు దీన్నుంచి కాపాడుకోవడానికి సీడీ59 అనే ప్రోటీన్‌ని కవచంలా పెట్టుకుంటాయి. కిడ్నీ, కండరాల్లాంటి చోట్ల ఆక్వాపోరిన్-4 ఉన్న కణాలకి ఈ కవచం పక్కనే ఉంటుంది. ఆస్ట్రోసైట్ పాదాల దగ్గర ఆ కవచం అంత దగ్గరగా లేదు అనేది ఒక వివరణ. సీడీ59 లేకుండా చేసిన ఎలుకలకి రోగుల యాంటీబాడీ ఎక్కిస్తే మెదడు బయట, ముఖ్యంగా కండరాలకి కూడా దెబ్బ తగిలిందని 2017లో ప్రయోగాలు చూపించాయి. కాబట్టి ఒక ప్రోటీన్ పేజీ చూసి ఆగకూడదు. దాని పక్కన ఎవరున్నారు, ఎవరు లేరు అనేది కూడా చూడాలి.

మూడో డేటాబేస్, ఆకారాలది. ప్రోటీన్ డేటా బ్యాంక్, 1971లో ఏడంటే ఏడు ఆకారాలతో మొదలైంది. అందులో 3జీడీ8 అని కొడితే మనిషి ఆక్వాపోరిన్-4 ఆకారం వస్తుంది, 2009 నాటిది. వేలితో తిప్పి చూడొచ్చు. నాలుగు గొట్టాలు కలిసి ఒక కట్టగా ఉంటాయి. ఒక్కో గొట్టంలోంచి నీటి అణువులు రేషన్ షాపు క్యూలా ఒకదాని వెనక ఒకటి పోతాయి. కానీ గమనించండి, ఈ ఆకారంలో మధ్య భాగమే ఉంది, రెండు చివర్లు లేవు. ఇందాక చెప్పిన ఎస్-ఎస్-వి కొక్కెం ఇక్కడ కనపడదు.

అదే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో చూస్తే మొత్తం ప్రోటీన్ ఉంటుంది. ఇది కంప్యూటర్ అంచనా వేసిన ఆకారాల ఖజానా. 2021లో మొదలై, 2022కల్లా 20 కోట్ల ఆకారాలు దాటింది. దీని వెనక ఉన్న పనికి డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి 2024 రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. ఇందులో రంగులే ముఖ్యం. ముదురు నీలం అంటే అంచనా మీద గట్టి నమ్మకం. పసుపు అంటే తక్కువ నమ్మకం, నారింజ అంటే ఇంకా తక్కువ. చివర్లలో పసుపు, నారింజ రంగు దారాలు వేలాడుతుంటే వాటి ఆకారాన్ని నిజం అనుకోకండి. "ఇక్కడ నాకు తెలియదు" అని కంప్యూటర్ నిజాయితీగా చెప్తోందన్నమాట. స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్టు రిపోర్టులో పెట్టేవాళ్ళు రంగుల అర్థం కూడా రాయండి.

ఇప్పుడు గ్లియా మీద పని చేయాలనుకునేవాళ్ళకి మూడు జాగ్రత్తలు.

మొదటిది పేర్లు. మైక్రోగ్లియాని గుర్తుపట్టడానికి వాడే ప్రోటీన్‌ని పేపర్లలో ఐబా1 అంటారు. డేటాబేస్‌లో దాని జీన్ పేరు ఏఐఎఫ్1. అలాగే ఆస్ట్రోసైట్‌లో గ్లుటమేట్‌ని లోపలికి లాగే ప్రోటీన్‌కి జీఎల్‌టీ-1, ఈఏఏటీ2, ఎస్‌ఎల్‌సీ1ఏ2 అని మూడు పేర్లు. ముగ్గురూ ఒకరే! ఇంట్లో చిన్నా, స్కూల్లో వెంకటేష్, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా, అలాగన్నమాట. అందుకే పేరు కన్నా నంబర్ రాసి పెట్టుకోండి.

రెండోది ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ తేడా. అట్లాస్‌లో ఒక్కో కణం రకంలో ఎంత ఉందో చూపించే పేజీ ఆర్‌ఎన్‌ఏ లెక్క మీద కట్టింది. ఆర్‌ఎన్‌ఏ అంటే వంట చీటీ, ప్రోటీన్ అంటే వండిన కూర. చీటీలు చాలా ఉన్నంత మాత్రాన కూర అంతే ఉందని చెప్పలేం. పైగా ఆస్ట్రోసైట్ లాంటి పొడుగు చేతుల కణంలో చీటీ ఒకచోట, కూర ఇంకోచోట ఉండొచ్చు.

మూడోది లెక్కపెట్టే పద్ధతి. అల్జీమర్స్ గురించి చదివేవాళ్ళకి అపోఈ తెలిసే ఉంటుంది. మెదడులో దీన్ని ఎక్కువగా తయారుచేసేది ఆస్ట్రోసైట్‌లే. పేపర్లలో 112వ స్థానం, 158వ స్థానం అని రాస్తారు. యూనిప్రాట్‌లో వెతికితే అవి 130, 176 దగ్గర కనిపిస్తాయి. ఎవరు తప్పు? ఎవరూ కాదు. ప్రోటీన్ తయారయ్యేటప్పుడు ముందు ఉండే 18 అమైనో ఆమ్లాల ముక్క తర్వాత తెగిపోతుంది. యూనిప్రాట్ దాన్ని కలిపి లెక్కపెడుతుంది, పాత పేపర్లు కలపకుండా లెక్కపెట్టాయి. ఈ 18 తెలియకపోతే ఒక రోజంతా తల పట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇదంతా విని ఎవరికైనా ఎక్కిళ్ళు వస్తే డేటాబేస్ తెరిచి జబ్బు నిర్ధారించకండి, ప్లీజ్. మామూలు ఎక్కిళ్ళు మామూలు ఎక్కిళ్ళే. కానీ రోజుల తరబడి ఆగకపోతే, లేదా ఒక కంటి చూపు తగ్గుతూ కన్ను కదిపితే నొప్పి వస్తుంటే, లేదా కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గుతుంటే, న్యూరాలజిస్ట్ దగ్గరికి వెంటనే వెళ్ళాలి. ఈ యాంటీబాడీకి రక్త పరీక్ష ఉంది. ఆ పరీక్షల్లో మెరుగైనది, ఆక్వాపోరిన్-4ని పొరలో పెట్టుకున్న కణాల మీద రోగి సీరమ్ వేసి చూసేది. ప్రోటీన్‌ని విడిగా తీసి ప్లేటు మీద పూస్తే సరిపోదా అంటే, అంత బాగా పని చేయదు. ఎందుకంటే ఈ యాంటీబాడీల్లో చాలావాటికి టైల్స్‌లా పరిచిన ఎమ్23 గుంపు అంటేనే ఎక్కువ ఇష్టం. ఆ పరుపు కణం పొర మీదే ఉంటుంది. ఇందాక యూనిప్రాట్‌లో చూసిన రెండు రూపాల సంగతి ఇక్కడ ల్యాబ్ రిపోర్టు దాకా వచ్చింది చూశారా.

మందుల్లోనూ అంతే. 2019లో అమెరికాలో ఈ జబ్బుకి ఎకులిజుమాబ్ అనే మందుకి అనుమతి వచ్చింది. అది కాంప్లిమెంట్ దళంలో సీ5 అనే ప్రోటీన్‌ని ఆపుతుంది. ఆ మందు కొత్తగా పుట్టింది కాదు, 2007లోనే ఒక రక్త జబ్బుకి వచ్చింది. ఏ జబ్బో తెలుసా? ఎర్ర రక్తకణాల మీద సీడీ59 లాంటి కవచాలు లేకపోవడం వల్ల వచ్చే జబ్బు! 2020లో ఇంకో రెండు మందులు వచ్చాయి. ఒకటి సీడీ19ని, ఇంకొకటి ఐఎల్-6 రిసెప్టర్‌ని పట్టుకుంటాయి. మన దేశంలో ఎక్కువగా వాడే రిటుక్సిమాబ్ సీడీ20ని పట్టుకుంటుంది. వీటన్నిటికీ యూనిప్రాట్‌లో తలా ఒక పేజీ ఉంది. ఈ పేజీలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే ఎక్కడ యాంటీబాడీ తయారవుతోంది, ఎక్కడ జెండా పాతుతోంది, ఎక్కడ చిల్లు పడుతోంది, ఏ మందు ఎక్కడ అడ్డుపడుతోంది అనేది మీకే అర్థమవుతుంది.

ఇక మీకు పని. జీఎఫ్‌ఏపీ అని ఇంకో ఆస్ట్రోసైట్ ప్రోటీన్ ఉంది, మనిషిలో నంబర్ పి14136. యూనిప్రాట్‌లో తెరిచి మూడు ప్రశ్నలకి జవాబు కనుక్కోండి. ఇది కణం పొరలో ఉందా, లోపల ఉందా? ఇందులో మార్పు వస్తే ఏ జబ్బు వస్తుంది? తలకి దెబ్బ తగిలినవాళ్ళ రక్తంలో దీన్ని ఎందుకు కొలుస్తారు? మూడో ప్రశ్నకి జవాబు పేజీలో నేరుగా రాసి ఉండదు. మొదటి ప్రశ్న జవాబు నుంచి మీరే ఆలోచించాలి. జవాబులు కామెంట్‌లో పెట్టండి, ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మైక్రోగ్లియా సంగతి చూద్దాం.